బురుజే ఇల్లయిన ఊరు

ధూళిమిట్ట చుట్టుపట్ల ఊళ్లలో మనిషి తలదాచుకునే చోటు పేరును బట్టే ఒకప్పుడు ఆ మనిషి అంతస్తు తెలిసిపోయేది. తాటికమ్మల గుడిసె, మట్టిగోడల కొట్టం, గూనపెంకల ఇల్లు, కాస్త కలిగినవాళ్లకు భవంతి. వీటన్నిటికీ అవతల, నిలువెత్తు గోడ వెనక, గడీ. మిగతావాటన్నిటినీ అవసరాన్ని బట్టి ఇల్లు అనేవాళ్లు. గడీని మాత్రం గడీ అనే అనేవాళ్లు. ‘దొర ఇంట్ల ఉన్నడా?’ అని ఎవరూ అడగరు. ‘దొర గడీల ఉన్నడు’ అని గొంతు తగ్గించి చెప్పుకుంటారు.

మరాఠీలో గఢీ అంటే చిన్న కోట. ఉత్తరాది ‘గఢ్’కు అది చెల్లెలు. మరాఠీ నేలతో కలిసి మొగలాయి, ఆసఫ్‌జాహీ ఏలుబడుల కింద వరసగా నలిగిన నేల కాబట్టి ఆ మాట ఇటు రావడంలో వింత లేదు. అయితే పాత తెలుగులోనూ ‘గడి’ ఉంది. దానికి పొలిమేర అని అర్థం. సరిహద్దును కాచే కోటను గడిదుర్గం అన్నారు. రెండిటిదీ ఒకే వేరని నేను అనబోవడం లేదు. కానీ జనం అనుభవంలో రెండూ కలిసిపోయాయి. ఏ ఊరికైనా పొలిమేర ఊరి చివర ఉంటుంది. గడీ ఉన్న ఊళ్లో రెండో పొలిమేర ఊరి నడుమ ఉండేది. అక్కడికి రాగానే చెప్పులు చేతిలోకి వచ్చేవి, గొడుగు ముడుచుకునేది, తలపాగా దిగేది.

ఇల్లు అనే మాటకు కోట వాసన పట్టడం మన దగ్గరే జరిగింది కాదు. ఇటలీ భాషలో ఇంటికి ‘మాజోనె’ అని ఒక పాతమాట ఉంది. ఇవాళ దాన్ని కవిత్వ ఫక్కీలోనో, వేళాకోళానికో తప్ప ఎవరూ అనరు. దాని ముత్తాత లాటిన్ ‘మనేరె’, అంటే ఉండిపోవడం. దాన్నుంచి ‘మన్సియో’ పుట్టింది. రోమన్ రాజమార్గాల మీద సర్కారు పని మీద పోయేవాళ్లు రాత్రికి దిగే బస అది. ఆ మాట ఫ్రెంచివాళ్ల నోట ఇల్లుగా మారి, మళ్లీ ఇటలీకి మాజోనెగా తిరిగివచ్చింది. మధ్యయుగంలో కత్తి పట్టిన సన్యాసుల మఠాలకూ అదే పేరు పెట్టారు. ఉంబ్రియాలో ట్రాసిమేనో సరస్సు దగ్గర అలాంటి మఠం వల్ల మాజోనె అనే ఊరే వెలసింది. 1502లో చేజారె బోర్జియా సేనానులు అతని మీద కుట్ర పన్నింది ఆ ఊరి కోటలోనే. అలసిన బాటసారి ఒక్క రాత్రి ఒరిగే చోటుకు పెట్టుకున్న పేరు గోడలు పెంచుకుంటూ, బురుజులు మొలిపించుకుంటూ అక్కడిదాకా పోయింది. మనకూ ‘మను’ అంటే బతకడం, ‘మనికి’ అంటే ఉండే చోటు. లాటిన్‌తో ఈ పోలిక వట్టి కాకతాళీయం, చుట్టరికం అంటగట్టనక్కర్లేదు. అయినా ఉండటం, బతకడం, ఇల్లు అనేవి మూడూ పక్కపక్కనే పుట్టడం రెండు చోట్లా జరిగింది.

గడీలో ఎవరు ఉన్నారు, ఎవరు బతికారు అని అడిగితే లెక్క తికమకగా ఉంటుంది. దొర కుటుంబంలో పదిమంది ఉంటే వాళ్ల కోసం వందమంది లోపలికీ బయటికీ తిరగాలి. చాకలి బట్టలు ఉతికి, రాత్రి దివిటీ పట్టాలి. కుమ్మరి కుండలు చేసి ఇచ్చి, వచ్చిన అధికారులకు వంట చేయాలి. బెస్తలు మేనా మోయాలి, మంగలి దొర ఒళ్లు పట్టాలి. మాదిగలు మోటకు తోలు తొండాలు కుట్టాలి, చెప్పులు కుట్టాలి, కబురు మోసుకుంటూ పరుగెత్తాలి. గొల్లలు పండుగకు గొర్రెనివ్వాలి. వడ్ల, కమ్మరి పనివాళ్లు ఎడ్లబండి నుంచి తలుపు గడియ దాకా చేసిపెట్టాలి. వీటికి కూలి లేదు, దాని పేరే వెట్టి. దొరసానితో పాటు పుట్టింటి నుంచి అరణంగా వచ్చిన ఆడపిల్లలను ఆడబాపలు అన్నారు. వాళ్లు రాత్రింబవళ్లు గడీలోనే ఉండేవాళ్లు. అది వాళ్ల ఇల్లు కాదు. వాళ్లకు వేరే ఇల్లంటూ ఉండేది కాదు.

ఈ గోడలు అంత ఎత్తు లేవడానికి కాగితాల కథ ఒకటుంది. 1860ల్లో మొదటి సాలార్‌జంగ్ పన్నుల వసూలును గుత్తేదార్ల చేతి నుంచి తప్పించి సర్కారు ఉద్యోగులకు అప్పగించాడు. పాత వసూలుదార్లయిన దేశ్‌ముఖ్‌లకు, దేశ్‌పాండేలకు పరిహారంగా రుసుము కట్టాడు. భూమి కొలిచి పట్టాలు రాసే వేళ, రాత తెలిసినవాళ్లు, రాసేవాణ్ని కూచోబెట్టి మేపగలిగినవాళ్లు ఊళ్లకు ఊళ్లు తమ పేరున ఎక్కించుకున్నారు. జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి చేతికింద 40 వేల ఎకరాలు ఉండేవి, పదుల కొద్దీ ఊళ్ల మీద అతని పెత్తనం సాగేది. సంస్కరణ అని మొదలైంది అక్కడికి చేరింది.

ఆ విసునూరు దొర తల్లి ఉండే గడీ కడవెండిలో. 1946 జులై 4న దొరకు ఎదురు నిలిచిన ఊరి సంఘం జనం కర్రలు, వడిసెలలు పట్టుకుని ఊరేగింపుగా ఆ గడీ ముందు నుంచి పోతుంటే దొరసాని మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య అక్కడికక్కడే కూలిపోయాడు. అప్పటిదాకా గడీ మీద ఊరికి ఉన్నది భయం. ఆ పొద్దు అది ఇంకొకటయింది. తుపాకి పేల్చినవాళ్లు లోపలికి పరుగెత్తి తలుపు వేసుకున్నారు. ఊరు వెనక్కి పోలేదు. గడీని తగలబెట్టడానికి జనం కమ్ముకుంటే పోలీసులు వచ్చి లోపలివాళ్లను కాపాడాల్సి వచ్చింది. ఆనాటి నుంచి రెండేళ్లలో జనగామ, భువనగిరి, సూర్యాపేట వైపు దొరలు చాలామంది గడీలు వదిలి పట్నం దారి పట్టారు.

ధూళిమిట్ట దగ్గరి బైరాన్‌పల్లి కథ ఇక్కడ మొదలవుతుంది. అది గడీ కథ కాదు, దానికి సరిగ్గా ఎదురు కథ.

తెలంగాణ పల్లెల్లో బురుజు కొత్త వస్తువు కాదు. దోపిడీ మూకలు గుర్రాల మీద వచ్చిపోయే కాలంలో రాయీ మట్టీ కలిపి గుండ్రంగా, కింద వెడల్పుగా, పైకి సన్నగిల్లుతూ కట్టుకున్నారు. పైన కాపలాకు చోటు, తుపాకి గొట్టం పట్టేంత కంతలు, కొట్టడానికి నగారా. కాలం నెమ్మదించాక ఆ బురుజుల మీద రావిచెట్లు మొలిచాయి. పిల్లలు ఎక్కి ఆడుకున్నారు, అంతే. బైరాన్‌పల్లి నడుమ నిలిచిన బురుజు మాత్రం 1948లో మళ్లీ పనిలోకి వచ్చింది.

నిజాం పక్షాన ఆయుధం పట్టిన ఖాసిం రజ్వీ రజాకార్లు అప్పటికి ఊళ్ల మీద పడుతున్నారు. లింగాపూర్‌ను, ధూళిమిట్టను తగలబెట్టారు. ఇళ్లలో దొరికిన గింజలు, నగలు, పశువులు ఎత్తుకుని పోతుంటే బైరాన్‌పల్లి దగ్గర సంఘం దళాలు అడ్డం తగిలాయి. దోపిడీ సొత్తును గుంజుకుని పోగొట్టుకున్నవాళ్లకు తిరిగి పంచాయి. ధూళిమిట్ట గింజ ధూళిమిట్టకు చేరింది. దాని బాకీ బైరాన్‌పల్లి పేరున పడింది.

ఊరికి ఆ సంగతి తెలుసు. అందుకే ఊరి గోడను సరిచేసుకున్నారు. బురుజును బాగుచేసి, మందుగుండు పైకి చేర్చారు. భర్మార్ తుపాకులు కొన్ని, మిగతావి వడిసెలలు, బరిసెలు, గుత్పలు. కులం ఏదైనా వయసు మగవాళ్లు వంతులవారీగా పైన కాపలా. ఆడవాళ్లు రాళ్లు ఏరి కుప్పలు పోశారు, కారంపొడి దంచి సిద్ధం పెట్టుకున్నారు. నగారా మోగితే పనులు వదిలి బురుజు దగ్గరికి రావాలని కట్టుబాటు. రజాకార్లు ఒకసారి వచ్చారు, దెబ్బతిని పోయారు. మరింతమందితో మళ్లీ వచ్చారు, ఈసారి శవాలను మోసుకుని పోవాల్సి వచ్చింది.

ఆ కొన్ని వారాలు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోవచ్చు. పొద్దున పొలం, రాత్రి బురుజు. దొరకు వెట్టి చేసిన చేతులే తమ కోసం తాము రాయెత్తాయి. గడీ కట్టినప్పుడు కూడా మోసింది ఈ చేతులే, కానీ కట్టడం అయ్యాక లోపలికి రానివ్వలేదు. బురుజుకు అలాంటి తలుపు లేదు. పైకి ఎక్కగలిగినవాడిదల్లా అది. మనికి అనే మాటకు ఆ వారాల బైరాన్‌పల్లి కంటే సరిగ్గా అతికే చోటు నాకు కనిపించదు, అక్కడ వండుకున్నదీ పడుకున్నదీ తక్కువే అయినా.

1948 ఆగస్టు 27. శ్రావణమాసం, శుక్రవారం. ఇల్లు అలికి ముగ్గుపెట్టి లక్ష్మిని పిలుచుకునే రోజు. తెల్లవారుజామున ఊరి బయటికి పోయిన ఒకతను చీకట్లో దాడికి వచ్చినవాళ్లకు చిక్కాడని, విదిలించుకుని కేకలు పెడుతూ ఊళ్లోకి ఉరికాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. నగారా మోగింది. ఈసారి వచ్చింది రజాకార్లు మాత్రమే కాదు. నిజాం పోలీసు, సైన్యం వెంట ఉన్నాయి, వందల మంది. వాళ్ల దగ్గర ఫిరంగి ఉంది.

వడిసెల రాయికి, భర్మార్ తూటాకు తట్టుకునే గోడ అది. ఫిరంగి గుండుకు తట్టుకునేది కాదు. గుండు తగిలి పైన దాచిన మందుగుండు అంటుకుంది. ఏ ధైర్యంతో దాన్ని పైకి చేర్చారో అదే పైనున్నవాళ్లను కాల్చింది. బురుజు పూర్తిగా కూలలేదు, ఇవాళ్టికీ ఉంది. కానీ మోగడానికి పైన నగారా లేదు, కొట్టడానికి మనిషి లేడు. గోడ దాటి వాళ్లు ఊళ్లోకి వచ్చారు.

దాని తరువాతిది యుద్ధం కాదు. ఇళ్లలోంచి, గింజల గుమ్ముల చాటు నుంచి, కొట్టాల్లోంచి మగవాళ్లను ఈడ్చుకొచ్చారు. పెడరెక్కలు విరిచి కట్టారు. మనిషికి మనిషిని లెంక కట్టి వరసగా నిలబెట్టి కాల్చారు. ఒక్క తూటా ఎంతమందిలోంచి పోతుందో చూశారని బతికి బయటపడ్డవాళ్లు చెప్పిన మాట. చనిపోయినవాళ్లు 96 మంది అనేది ఎక్కువగా వినబడే లెక్క. అంతకంటే ఎక్కువే అనేవాళ్లూ ఉన్నారు. అదే రోజు పక్కనున్న కూటిగల్లులోనూ కాల్చి చంపారు.

ఆడవాళ్లను శవాల చుట్టూ బతుకమ్మ ఆడించారు. ఇది రాయడానికి చెయ్యి రాదు, రాయకుండా దాటడానికీ వీల్లేదు. ఆ ఏడు బతుకమ్మ పండుగకు ఇంకా నెల పైన ఉంది. తంగేడు పూయలేదు, గునుగు కొయ్యలేదు. పుట్టింటికి రావాల్సిన ఆడబిడ్డలు అత్తగారిళ్లలోనే ఉన్నారు. నెల ముందే బతుకమ్మ ఆడినవాళ్లు ఆ తరువాత సద్దులనాడు ఏ గొంతుతో పాడారో, పాడారో లేదో, ఆ ఇళ్లకే తెలియాలి.

సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి అడుగుపెట్టింది. 17న నిజాం లొంగిపోయాడు. అదీ శుక్రవారమే. బైరాన్‌పల్లికీ దానికీ మధ్య సరిగ్గా మూడు వారాలు. ఇంకో ఇరవై రోజులు ఆగి ఉంటే అని అనుకోకుండా ఈ కథ చదవడం కష్టం. అయితే ఆగడం ఆ ఊరి చేతిలో ఉన్నది కాదు. ధూళిమిట్ట సొత్తును దారిలో అడ్డగించకుండా పోనిచ్చి ఉంటే బహుశా తమ ఊరు మిగిలేది. పక్క ఊరి బియ్యం మూటలు తమ ముందు నుంచి పోతుంటే చూస్తూ ఊరుకునే ఊరైతే దాన్ని ఇవాళ ఎవరూ వీర బైరాన్‌పల్లి అనరు కూడా.

విషాదం అక్కడితో ఆగినా బాగుండేది. సైన్యం వచ్చాక పట్నం పారిపోయిన దొరలు కొందరు ఆ సైన్యం వెంటే తిరిగి గడీలకు చేరారు. పంచుకున్న భూములు వదలమన్నారు. దొరల మీద, నిజాం మీద నడిచిన పోరాటం కొత్త సర్కారు మీదికి మళ్లి 1951 అక్టోబర్ దాకా సాగింది. మధ్యలో 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. కాగితం మీద గడీ కింద నేల జారిపోయింది. కట్టడం మాత్రం మరో పాతికేళ్లు అలాగే నిలబడింది. గోడల సున్నం రాలుతున్నా దొర పంచాయితీ చెప్పడం మానలేదు, జరిమానా వేయడం మానలేదు. 1973 భూసంస్కరణల చట్టం వచ్చేసరికి భూములు పాలేర్ల పేరున, పశువుల కాపర్ల పేరున, ఒక్కోచోట పుట్టని పిల్లల పేరున కూడా పంచేసి ఉన్నాయని జనం నవ్వుకునేవాళ్లు.

అసలు పతనం 1978లో మొదలైంది. ఆ సెప్టెంబర్ 9న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఆ తరువాత ఊళ్లు దొరలను సాంఘికంగా వెలేశాయి. చాకలి రాలేదు, మంగలి రాలేదు, పాలేరు రాలేదు. వందమంది తిరిగితే తప్ప నడవని ఇల్లు అది. ఎవరూ రాకపోతే కోట కూడా మూడు రోజులు నిలవదు. అక్టోబర్‌లో సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. కానీ దొరలు మూటలు కట్టుకుని హైదరాబాద్ బస్సెక్కడం ఆగలేదు. ఈసారి పోయినవాళ్లు మళ్లీ ఉండటానికి రాలేదు.

ఫ్లారెన్సు నగరంలో 1250లో జనం సర్కారు ఏర్పడినప్పుడు మొదట చేసిన పనుల్లో ఒకటి, ప్రభువుల ఇళ్ల మీది బురుజులను సుమారు 29 మీటర్లకు మించకుండా కోయించడం. ఎవరి గోడా ఊరి నెత్తి మీద నీడ పరచగూడదని. మన దగ్గర కోయమని ఎవరూ చట్టం చేయలేదు. గడీలు వాటంతటవే కుంగాయి. కొన్నిటిని తగలబెట్టారు. కొన్నిట్లో పోలీసు క్యాంపులు పెట్టారు, కొన్ని బడులయ్యాయి. కొన్నిటి టేకు స్తంభాలు, చెక్కిన దర్వాజలు పాత సామాన్ల వ్యాపారుల చేతుల్లో పడి పట్నం హోటళ్ల ముంగిళ్లు చేరాయి. గచ్చు పగిలి తుమ్మలు మొలిచినవి చాలా. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను మాత్రం వారసులు పూనుకుని బాగుచేయించారు. 2022లో దానికి యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. మంచిదే. ఆ రాళ్లు పేర్చిన మేస్త్రీల పనితనం నిజమైనది. దొరతనం మీది కోపంతో పనివాడి చేతిని చెరపాల్సిన పనిలేదు. కానీ గడీ కూలితే ఎలిజీ రాయమంటే నా వల్ల కాదు. అందులో పుట్టి పెరిగి, ఇవాళ ఎక్కడో అపార్ట్‌మెంటులో ఉంటూ నూతిగిలక చప్పుడును తలుచుకునే ముసలి దొరసాని దుఃఖం అబద్ధమని అనను. ఆడబాప దుఃఖం రాసిన తరువాతే దాని వంతు రావాలని మాత్రం అంటాను.

మాటగా గడీ ఇంకా బతికే ఉంది, అదీ తిట్టుగా. తెలంగాణ వచ్చాక రాజకీయ సభల్లో ‘గడీల పాలన’ అనడం మామూలయింది. 2023 డిసెంబర్ 7న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేసిన రోజునే హైదరాబాద్‌లో అప్పటిదాకా ముఖ్యమంత్రి నివాసమైన ప్రగతి భవన్ ముందున్న ఇనుప కంచెను తొలగించి, దాని పేరును ప్రజాభవన్‌గా మార్చారు. ఆ కంచెను ‘గడీ గోడ’ అని జనం ముందు చెబితే ఎవరికీ వివరించాల్సిన అవసరం రాలేదు. దొరలు పోయి నలభై ఏళ్లు దాటినా, గడీని కళ్లతో చూడని పిల్లలకు కూడా ఆ మాటలోని గోడ తగులుతుంది.

బురుజు మాట దారి వేరు. అది అరబ్బీ ‘బుర్జ్’ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా మనకు వచ్చింది. అరబ్బీకి అది గ్రీకు ‘పిర్గోస్’ నుంచి వచ్చిందని చాలామంది భాషావేత్తల మాట. లాటిన్ ‘బుర్గుస్’ను కూడా ఆ వంశంతోనే ముడిపెడతారు. ఆ బుర్గుస్సే ఇటలీలో ‘బోర్గో’ అయింది. బోర్గో అంటే బురుజు కాదు, ఊరు. కోట గోడను ఆనుకుని, జనం తమకోసం కట్టుకున్న ఇళ్ల గుంపు. మాజోనె ప్రభువుల వైపు ఒరిగిపోయింది, బోర్గో జనంతో ఉండిపోయింది. బైరాన్‌పల్లివాళ్లకు ఈ చుట్టరికాలు తెలియవు, అక్కర్లేదు కూడా. వాళ్ల బురుజు ఆ కొన్ని వారాలు ఊరే అయింది.

ఆ ఊరి చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. కాల్పుల నాటికి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా. 1953లో తాలూకాతో పాటు వరంగల్‌కు పోయింది. 2016లో సిద్దిపేట జిల్లాకు మారింది. మద్దూరు మండలం నుంచి విడదీసి ధూళిమిట్టను మండలం చేశాక బైరాన్‌పల్లి దాని కింద చేరింది. ఎవరి గింజల కోసం మంటల్లో పడిందో ఇవాళ ఆ ఊరి పేరే దాని మండలం పేరు. ఏటా ఆగస్టు 27న అమరుల స్తూపం దగ్గర జెండాలు ఎగురుతాయి, ఒక్కో పార్టీదీ ఒక్కో రంగు. రజాకార్లను మతంగా చూపించేవాళ్లు ఒకవైపు, వాళ్ల వెనక నిలిచిన దొరలను, నిజాంను చూపించేవాళ్లు మరోవైపు. ఉపన్యాసాలు ముగిశాక జీపులు పోతాయి.

పింఛన్ల సంగతి ఇంకా పెద్దది. హైదరాబాద్ విముక్తి కోసం సంస్థానం హద్దుల అవతల నడిచిన సరిహద్దు క్యాంపులను కేంద్రం 1980ల్లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు గుర్తించింది. ఫలానా క్యాంపులో ఉన్నట్టు, పనిచేసినట్టు ధ్రువపత్రం కావాలి. బైరాన్‌పల్లి మగవాళ్లు ఏ క్యాంపుకూ పోలేదు, సొంత ఊళ్లోనే ఉండిపోయారు. వాళ్ల పేర్లు క్యాంపు పట్టీల్లో ఎక్కడా లేవు. భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్లు మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి పట్నానికి దరఖాస్తులు పట్టుకుని తిరిగారు. బురుజు మీద కాపలా కాసినవాడికి ఏ అధికారి సంతకంతో రుజువు తేవాలో ఆ దరఖాస్తులో గడి లేదు.